ముందు విప్పేది, తర్వాత అల్లేది

రాండమ్మా, ఆ గడపకాడ నిలబడేది ఎందుకు, ఇట్ల చాప మిందికి జరగండి. నా గొంతు ముందు మాదిరి లేదు, పాడి పాడి అరిగిపోయింది. దగ్గిర కూర్చుంటే నాకు అరిచే పని తప్పుతాది, మీకు చెవులు రిక్కించే పని తప్పుతాది. ఫోన్లు రొంతసేపు బోర్లా పెట్టండి. నేను చెప్పేది వీడియోల్లో దొరకదు.

నా పేరు మునెమ్మ. బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో, కాణిపాకం తట్టు, చిత్తూరు టౌన్లో, తిరపతిలో ఆడోళ్ళకు కోలాటం నేర్పించేది నా పని. వయసులో ఉండంగా మొదలుపెట్టినా. మోకాళ్ళు ఇంగ మా వల్ల కాదనే దాకా అదే చేసినా. పోయిన ఏడు కోలలు కింద పెట్టినా. అప్పట్నుంచి మీ మాదిరి పిల్లలు ఇంటికొచ్చి, "అక్కా, మేం కూడా నేర్పించే పనిలోకి దిగతాం, ఏం తెలుసుకోవాల?" అని అడగతా ఉండారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పలేక ఈ కాగితాల మింద రాసి పెట్టినా, దాన్నే మీకు చదివి వినిపిస్తా. చదివింది మూడో తరగతి. అచ్చరం వంకరపోతే మన్నించండి, తాళం మాత్రం వంకరపోదు.

నాకు కప్పిన శాలువాల సంగతి ఇందులో ఉండదు. అవి కోడలు బీరువాలో మడిచి పెట్టింది, చలికాలం పనికొస్తాయి. నాకు పని నేర్పించిన మనుషుల సంగతి, ముక్యంగా ఒక అత్తా కోడలి సంగతి చెప్తా.

మా గురువు వీపు

నా గురువు పేరు చెంగయ్య. మా ఊర్లో మగోళ్ళకు చెక్కభజన, కోలాటం నేర్పించేవాడు. అప్పట్లో అవి మగోళ్ళ ఆటలే. మా నాయన కూడా ఆడేవాడు. పోను పోను వయసు మగోళ్ళంతా బెంగుళూరు కంపెనీలకు, లారీలకు ఎగబడినారు. చెంగయ్య కాడ ఆడేవాళ్ళు కరువైనారు. ఒకనాడు మా ఇంటికొచ్చి నాయనతో చెప్పినాడు:

"మునిసామీ, నీ కూతుర్ని పంపించప్పా. మగోళ్ళ కోసం చూస్తా కూర్చుంటే ఈ ఆట నాతోనే మట్టిలోకి పోతాది."

"ఆడపిల్ల ఎగిరితే ఊరు నవ్వదా మామా?"

"నవ్వనీ. నవ్వేదానికైనా వచ్చి చూస్తారు గదా!"

అట్ల ఆడోళ్ళ కోలాటం మొదలైంది మా తట్టు. చెంగయ్య నేర్పించే తీరు ఎవురికీ లేదు. మమ్మల్ని ఆడమని, తను వీపు మా తట్టు తిప్పి, కండ్లు మూసుకొని, బీడీ కాల్చుకుంటా వినేవాడు. "ఎవురది, పొయ్యిలోకి పుల్లలు విరిచినట్లు కొడతా ఉండేది?" అనేవాడు తిరక్కుండానే. ఎవురో మాకు చెప్పక్కర్లేదు, అందరం లచ్చుమమ్మ తట్టు చూసేవాళ్ళం. లచ్చుమమ్మ నాలిక కరుచుకునేది.

ఆయన కాడ నేర్చుకున్నవాటిలో పెద్దది జడ కోపు. కోపు అంటే కోలాటంలో ఒక ఆట తీరు. నడుమ ఒక గుంజ ఉంటాది. దాని కొసన రంగు రంగుల తాళ్ళు కట్టి ఉంటాయి. ఒక్కొక్కరు ఎడమచేత్తో ఒక తాడు, కుడిచేత్తో ఒక కోల పట్టుకుంటారు. సగం మంది ఇటు తిరిగితే సగం మంది అటు తిరగతారు. ఎదురొచ్చే మనిషికి ఒకసారి లోపల పోవాల, తర్వాత వచ్చే మనిషికి బయట పోవాల. కోల కొడతా, పాడతా, ఇట్ల లోపలికీ బయటికీ తిరగతా ఉంటే పైన తాళ్ళు జడ మాదిరి అల్లుకుంటా దిగుతాయి. మళ్ళీ అందరూ వెనక్కి తిరిగి అదే దోవన వస్తే జడ విడిపోయి తాళ్ళు చేతికొస్తాయి.

అందరు గురువులూ అల్లేది ముందు నేర్పిస్తారు. చెంగయ్య విప్పేది ముందు నేర్పించేవాడు. పాత శిష్యులతో జడ అల్లించి పెట్టి, కొత్తవాళ్ళ చేతికి తాళ్ళిచ్చి, "ఇంగ విప్పండి" అనేవాడు. అదీ గాక, ఆ జడలో యాడో ఒక తావ కావాలనే తప్పు అల్లించేవాడు. మేం నేరుగా తిరిగితే ఆ తావకు రాంగానే ముడి బిగిసిపోయేది. తాళ్ళు వదిలి నవ్వుకునేవాళ్ళం.

ఒకనాడు అడిగేసినా. "మామా, జడ వేసుకునేది రాకముందే విప్పేది ఎవురన్నా నేర్చుకుంటారా?"

"అల్లేది చూసి జనం చప్పట్లు కొడతారు మే. తప్పు పోయినప్పుడు ఒక్కరూ దగ్గిరికి రారు. అది నువ్వే విప్పుకోవాల," అన్నాడు. "విప్పేటప్పుడు తెలివి చూపించొద్దు. నువ్వు తప్పు దోవన పోయింటే, వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఆ తప్పు దోవనే రావాల. ఆడ సరిగ్గా నడిస్తే ముడి పడతాది."

ఆ మాట ఎంత పెద్దదో తిరపతిలో తెలిసింది. ఆడికి వస్తా.

ఈ పనిలో తేలికైంది అడుగులే

మీరంతా అడుగులు నేర్పించేది కష్టం అనుకుంటా ఉండారు. అది తేలిక. కష్టం ఏందంటే ఆడోళ్ళని ఇంట్లోనుంచి బయటికి తెచ్చేది. దానికోసం నేను తాగిన కాఫీలకు లెక్క లేదు. ఏ ఇంటికి పోయినా ముందు అత్తతో కూర్చోవాల. ఆమె పెట్టిన ఊరగాయ బాగుందనాల. బాగలేకపోయినా అనాల. కోలాటం మాట మూడో కాఫీకి ఎత్తితే చాలు.

యాళ కూడా చూసుకోవాల. పాలకేంద్రంలో పాలు పోసి వచ్చినాక, టీవీలో సీరియల్ మొదలయ్యే లోపల, ఆ నడుమ దొరికేదే మన పొద్దు. సీరియల్‌తో పోటీకి పోవద్దు, ఓడిపోతారు. నేను ఓడిపోయినా.

మామిడికాయల కాలంలో కొత్త బృందం ఎత్తుకోవద్దు. మా తట్టు ఆడోళ్ళంతా తోపుల్లో కాయలు కోసేదానికో, జూసు ఫ్యాక్టరీకో పోతారు. కాయ సొన పడి వేళ్ళు కాలిపోయి ఉంటాయి. కోల పట్టుకుంటే మంట. ఆ కాలంలో ఊరికే పాటలు పాడించండి. గొంతుకు సొన అంటదు.

ఇంగొకటి. ఎదురెదురుగా కోల కొట్టుకునే జోడీని మేం ఉద్ది అంటాం. ఉద్దులు కలిపేముందు ఊరి సంగతి తెలుసుకోవాల. ఒక పల్లెలో తెలియక తోడికోడళ్ళని ఉద్ది చేసినా. ఆ రెండు ఇండ్లకూ బోరు నీళ్ళ కాడ తగాదా ఉండాదని నాకేం తెలుసు? మొదటిరోజే కోలలు ఫటఫటా మోగినాయి. "ఆహా, ఎంత ఊపు!" అని మురిసిపోయినా. రెండో పాటకు ఒక కోల విరిగి పక్కామె కొప్పులో ఇరుక్కునింది.

"అక్కా, ఈమెకు తాళం తెలియదు!" అనింది చిన్నామె.

"తాళం నాకు తెలుసు. మోటరు ఎప్పుడు ఆపాల్నో ఈమెకే తెలియదు!" అనింది పెద్దామె.

ఆ పొద్దు నుంచి ఏ ఊరికి పోయినా ముందు నీళ్ళ సంగతి అడిగి, తర్వాత ఉద్దులు కలిపినా.

లావుగా ఉండేవాళ్ళని, వయసైనవాళ్ళని వెనక వరసలోకి తొయ్యొద్దు. ఈ పాపం ఇప్పుడు శానా మంది చేస్తా ఉండారు, ఫొటో బాగా రావాలని. నేను చూసినదాంట్లో గట్టి తాళం ఎప్పుడూ బరువుండే మనిషి కాళ్ళలోనే ఉండాది.

చోటు ఎట్ల దొరికేది

ఆడేదానికి చోటు ఎవురిస్తారు అని అడగతారు. ఎవురూ పిలిచి ఇయ్యరు. ఉండే తావునే చోటు చేసుకోవాల. జాతరలో నాటకం వాళ్ళ బండి లేటైతే, "అంతవరకు మేం ఆడతాం" అని ముందుకు పోవాల. కాణిపాకంలో ఒకసారి అట్లే జరిగింది. నాటకం వాళ్ళు వచ్చి కూడా మేకప్పు వేసుకోకుండా మా ఆట చూస్తా నిలబడినారు. ఆడ చూసిన ఒకాయన చిత్తూరులో తన బిడ్డ పెండ్లికి పిలిచినాడు. ఆ పెండ్లిలో చూసినామె తన చర్చిలో క్రిస్మస్‌కు నేర్పించమనింది. నేను పోయినా. పాటలు వాళ్ళవి, అడుగులు మనవి. ఆ చర్చి ఆడోళ్ళు మా వాళ్ళకంటే బాగా పాడతారు, వారం వారం పాడే గొంతులు గదా. ఊర్లో ఒకరిద్దరు, "ఏం మునెమ్మా, ఆడికి కూడా పోతావా?" అన్నారు. "తాళానికి ఆధార్ కార్డు లేదప్పా," అన్నా.

ఇంగ రికార్డు సంగతి. చిత్తూరులో ఒక ఇస్కూలు వార్షికోత్సవానికి పిల్లలకు నేర్పించినా. ఆడ పెద్దసారు మంచి మనిషే గానీ అంతా తన మాటే జరగాల. "పాడేది వద్దమ్మా, రికార్డు పెడతాం, మోడ్రన్‌గా ఉంటాది," అన్నాడు. సరే అన్నా. సగంలో కరెంటు పోయింది. పాట ఆగింది, పిల్లలు బొమ్మల మాదిరి నిలబడిపోయినారు. నేను స్టేజి కిందనుంచి గొంతెత్తి పాడితే ఒక్కొక్క కోల మళ్ళీ మోగింది. కరెంటు వచ్చినాక కూడా సారు రికార్డు పెట్టలేదు. పోయేటప్పుడు, "గొంతుకు కరెంటు అక్కర్లేదు గదా మునెమ్మా," అన్నాడు నవ్వుకుంటా. అప్పట్నుంచి నా బృందాల్లో రికార్డు పెట్టనియ్యలేదు. రికార్డు మన కోసం ఆగదు, వెనక్కి రాదు. పాడే మనిషి ఆగతాది, వెనక్కి వస్తాది. మీరు కూడా పెట్టొద్దండి. ఎందుకంటానో ఇప్పుడు చూడండి.

గంగులమ్మ పెట్టిన షరతు

బంగారుపాళ్యం అవతల మామిడితోపుల నడుమ ఒక పల్లె. ఊరి పేరు వద్దు, అందరూ బతికే ఉండారు. ఆడ సరోజ అని ఒక కోడలు. జూసు ఫ్యాక్టరీలో పని. నేను నేర్పించిన అందరిలో మంచి గొంతు ఆమెదే. ఊర్లో ఆడోళ్ళని ఆమే పోగేసింది, నన్ను ఆమే పిలిపించింది.

ఒకనాడు అడిగినా, "పొద్దంతా నిలబడి పనిచేసి వస్తావు, మళ్ళా ఈ ఎగిరేది ఎందుకు పాపా?" అని.

"ఫ్యాక్టరీలో నన్ను పేరు పెట్టి కూడా పిలవరక్కా. 'బెల్టుకాడ మనిషి' అంటారు. ఈడ నేను పాట ఎత్తుకుంటేనే అందరూ అడుగేస్తారు," అనింది.

ఆమె అత్త గంగులమ్మ. ఎత్తు మనిషి, గట్టి మనిషి. వయసులో మామిడికాయల మండీలో బుట్టలు మోసిన చేతులు. ఊర్లో ఆడోళ్ళ సంగతి ఏదైనా ఆమె మాటే చెల్లేది. ఆమె సరే అంటే అన్ని ఇండ్ల తలుపులూ తెరుచుకుంటాయి, కాదంటే మూసుకుంటాయి. మేం ఆడే తావు ఆమె ఇంటి ఎదురుగానే. సందేళ కాంగానే అరుగు మింద కూర్చొని, వక్కలు దంచుకుంటా, మమ్మల్ని తిడతా ఉండేది.

"ఆ మూడోదాని నడక చూడు, బురదలో ఎనుము మాదిరి! మే, లోపలికి పోవాల్సింది బయటికి ఎందుకు పోతివి? ఓ మునెమ్మా, ఇదేనా నువ్వు నేర్పించేది?"

"వదినా, అన్ని తెలిసినదానివి, వచ్చి ఆడరాదా?"

"నేనా? ఈ వయసులో? తూ!"

ఆమె తిట్లు తిట్లే గానీ ఒక్క సందేళ కూడా అరుగు వదిలింది లేదు. ఆ పొద్దు నేను దాన్ని అంతగా పట్టించుకోలేదు.

ఇట్ల ఉండంగా తిరపతి నుంచి కబురు. ఒక గుడి ఉత్సవాల్లో స్వామి ఊరేగింపు ముందర ఆడేదానికి బృందాలను చూసి ఎంపిక చేస్తారని. మా తట్టు ఆడోళ్ళకు ఆ వీధిలో ఆడేదంటే ఏందో మీకు చెప్పక్కర్లేదు. సరోజ ఆ పొద్దు అన్నం తినలేదు. తర్వాత రోజు అత్త ముందర నిలబడింది.

"అత్తా, తిరపతికి పోతాం."

గంగులమ్మ దంచేది ఆపింది. "నా మాట విను. ఇంట్లో పని ఆడాడ పడి ఉండాది. ఊరంతా మీ ఎగురుడు చూసి నవ్వతా ఉండాది. తిరపతి వాళ్ళు మీకు చోటిస్తే నేను ఇంగ నోరు తెరవను. ఇయ్యలేదంటే, ఆ కట్టెలన్నీ నా పొయ్యిలోకి. ఒక్కటి మిగలదు. సరేనా?"

ఆడోళ్ళంతా సరోజ మొగం చూసినారు. ఆమె సరే అంటే అందరి కోలలకూ అదే గతి.

"సరే అత్తా," అనింది సరోజ.

"అయితే నేను కూడా వస్తా. వాళ్ళు ఏం చెప్పినారో నా చెవులతో వినాల. రేపు వచ్చి నాకు కతలు చెప్తారు మీరు!"

తిరపతిలో గుంజ పట్టిందెవురు

ఊరేగింపు ఆగదు గదా, అందుకని గుంజ నేలలో పాతేదానికి కుదరదు. ఒక మనిషి నడుమ పట్టుకొని మెల్లగా నడవాల, చుట్టూ మేం తిరగాల. సరోజ మొగుడు చిన్నబ్బ పట్టుకునేవాడు. అట్లే నేర్చుకొని పోయినాం.

ఒక కల్యాణ మండపం ముందర ఎంపిక. మాకు ముందు వచ్చిన బృందాలు అన్నీ పట్టుచీరలు, కనకాంబరాలు, ఒకే రంగు గాజులు. మా వాళ్ళకు చీరలు కూడా ఒక రంగు కుదరలేదు. మాకుండేది జడ ఒక్కటే.

ఏర్పాట్లు చూసే మేనేజరు వచ్చినాడు. పద్ధతి గల మనిషి, మొగంలో నవ్వు లేదు. చిన్నబ్బను చూసి నిలబడినాడు.

"మహిళల బృందం అన్నారు గదా? ఈయన ఎవరు?"

"గుంజ పట్టుకునేదానికి సార్. ఆడడు," అన్నా.

"మహిళలంటే మహిళలే అమ్మా. అందరికీ ఒకటే పద్ధతి. గుంజ వదిలేసి మామూలు కోలాటం ఆడండి."

చిన్నబ్బ గుంజ దించి పక్కకు పోయినాడు. ఆడేవాళ్ళలో ఒకర్ని గుంజకు పెడితే ఉద్ది పోతాది, జడ కుదరదు. నేను పట్టుకుంటే తాళాలు ఎవురు వాయిస్తారు, నడిపించేది ఎవురు? మామూలు కోలాటం ఆడితే ఆ పట్టుచీరల ముందర మమ్మల్ని ఎవురు చూస్తారు? సరోజ కండ్లలో నీళ్ళు తిరిగినాయి. వెనక్కి తిరిగి చూసినా. గోడ పక్కన గంగులమ్మ తాంబూలం నములుతా నిలబడి ఉండాది.

"వదినా, రొంత ఈ గుంజ పట్టుకో."

"నీకేమన్నా గాలి సోకిందా? నేను చూసేదానికి వచ్చినా!"

"చూసేదే. గుంజ పట్టుకొని చూడు."

ఆమె కాదనేదే, ఇంగ రెండు మాటలైతే నన్ను తిట్టేసి పోయేదే. అయితే ఆ మేనేజరు, మంచికే, ఒక మాట అన్నాడు: "పాపం అవ్వకెందుకమ్మా. వయసు మనిషి, పడిపోతాది. నీడలో కూర్చోబెట్టండి."

గంగులమ్మ నమిలేది ఆపింది.

"ఎవురప్పా పడేది?" అనింది. "నా మాదిరి మామిడికాయల బుట్ట నెత్తిన పెట్టుకొని లారీ ఎక్కు, ఎవురు పడతారో చూద్దాం." గోడ అవతలికి ఉమ్మేసి వచ్చి, కొంగు నడుముకు చెక్కి, గుంజ ఎత్తి గుండెకు ఆనించుకునింది. "ఊ. కానీండి."

నేను తాళాలు కొట్టినా. సరోజ పల్లవి ఎత్తింది, చరణాలు నేను అందుకున్నా. ఆడోళ్ళు కదిలినారు. గంగులమ్మ ఒక్కొక్క అడుగే వేస్తా ముందుకు నడిచింది. గుంజ ఇంత కూడా వంగలేదు. చిన్నబ్బ పట్టుకున్నప్పుడు కూడా అంత నిలకడ లేదు. పైన జడ దిగతా ఉండాది, ఎరుపు, పచ్చ, పసుపు, నీలం. చుట్టూ మాట్లాడుకునే బృందాలు మా తట్టు జరిగినాయి.

అప్పుడు పసుపు తాడు పట్టుకున్న సరోజ ఒక్క క్షణం అత్త మొగం తట్టు చూసింది. చేతులు నొస్తా ఉండాయో ఏమో, పడిపోతాదేమో అని ఆమె బాధ. ఆ చూపులో లోపలికి పోవాల్సిన మనిషి బయటికి పోయింది. తర్వాత వచ్చినవాళ్ళు తెలియక పైపైన అల్లుకుంటా పోయినారు.

నాకు కనపడలేదు. పక్కన ఉండేవాళ్ళకు అది కనపడదు. గుంజ కింద నిలబడి తల పైకెత్తిన మనిషికే కనపడతాది. ఆ తావున ఉండేది గంగులమ్మ ఒక్కతే.

ఆమె గమ్మున ఉంటే సరిపోయేది, అది చూడండి మీరు. ఇంగ రెండు చుట్లు పోయింటే జడ ముద్ద అయిపోయేది. తాళ్ళు బిగుసుకొని మేం అందరి ముందర నిలబడిపోయేవాళ్ళం. చోటు వచ్చేది కాదు. ఆమె గెలిచేది, మా కోలలు ఆమె పొయ్యిలోకి పోయేటివి.

నేను చరణం ముగించి ఊపిరి తీసుకునే సందులో, అరవకుండా, నాకు మాత్రమే వినపడేట్లు అనింది:

"మునెమ్మా, పసుపు తాడు తప్పు. విప్పు."

నేను ఆలోచన చెయ్యలేదు. విప్పే తాళం కొట్టినా. చెంగయ్య కాడ నేర్చుకున్నట్లే వీళ్ళకూ విప్పేది ముందు నేర్పించినా, అందుకని ఒక్కరు కూడా తడబడలేదు. గిర్రున వెనక్కి తిరిగినారు. నేను అదే చరణం మళ్ళీ ఎత్తుకున్నా, పాటలోనే అట్ల ఉండాది అన్నట్లు. జడ మెల్లగా విడతా పైకి పోతా ఉండాది. తప్పు తావు దగ్గిర పడింది. సరోజ కాళ్ళు సరైన దోవన లోపలికి పోబోయినాయి.

"బయటే రా సరోజా," అనింది గంగులమ్మ, కండ్లు పైనే పెట్టుకొని. "తప్పు యాడ నడిచినావో ఆడే నడువు. ఆ. ఆ. ఇంగ అల్లుకో బిడ్డా."

బిడ్డా అనిందమ్మా ఆమె. ఆ ఇంటికి కాపురానికి వచ్చినాక సరోజ ఆ పిలుపు మొదటిసారి వినింది.

ఆ తర్వాత ఆ పిల్ల పాడిన పాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మండపం గోడలు తిరిగి పలికినాయి. జడ కింది దాకా అల్లినారు, మళ్ళీ కొస దాకా విప్పినారు. ఆఖరి కోల మోగేసరికి పట్టుచీరల బృందాలన్నీ చప్పట్లు కొట్టినాయి.

మేనేజరు గంగులమ్మ ముందరికి వచ్చినాడు. "నడుమలో అల్లినది విప్పి మళ్ళీ అల్లినారు. ఇది కొత్త పద్ధతా అవ్వా? నేను యాడా చూడలేదు."

నేను నోరు తెరిచే లోపలే ఆమె జవాబు చెప్పేసింది.

"కొత్తా లేదు పాతా లేదు. మా కోడలు తప్పు పోయింది, దిద్దుకున్నాం. అంతే."

మేనేజరు గుంజ తట్టు, ఆ ముసలామె తట్టు చూసినాడు. అప్పుడు నవ్వినాడు. ఆయనకు కూడా పండ్లు ఉండాయని అప్పుడే తెలిసింది మాకు.

"పొద్దుట్నుంచి తప్పు పోయి ఆగిపోయినవాళ్ళని చూసినా. తప్పు పోయినట్లు తెలియనివాళ్ళనీ చూసినా. వీధిలో వేలమంది తోసుకుంటా ఉంటారు, తప్పు పోకుండా ఎవరు ఆడగలరు? నాకు కావాల్సింది ఇట్లాంటి బృందమే. మీరు స్వామికి ముందర నడవండి. ఒక షరతు. గుంజ ఈమే పట్టుకోవాల."

మా ఆడోళ్ళు వేసిన కేకకు మండపం పావురాలన్నీ లేచిపోయినాయి.

గంగులమ్మ గుంజ చిన్నబ్బ చేతికిచ్చి, చేతులు దులుపుకొని, కోడలి తట్టు తిరిగింది. "నా మొగం చూసేదానికి ఇంట్లో పొద్దు చాల్లేదా నీకు? ఈడికొచ్చి చూడల్నా?"

సరోజ ఏడస్తా నవ్వతా అత్త రెండు చేతులూ పట్టుకునింది. గుంజ ఒరుసుకొని అరచేతులు ఎర్రగా కందిపోయి ఉండాయి.

ఆ వీధిలో

ఉత్సవం నాడు ఆ వీధి నిండా జనం. మిద్దెల మింద జనం, గోడల మింద జనం. వెనక స్వామి పల్లకీ, మంగళవాయిద్యం, కర్పూరం వాసన. ముందర మా బృందం. ఆ నడుమ గంగులమ్మ, అరచేతులకు పాత గుడ్డ చుట్టుకొని, తల పైకెత్తి, గుంజ పట్టుకొని, ఏనుగు నడిచినట్లు నడిచింది.

"అవ్వా, నొప్పిగా లేదా?" అని అరిచినాడు మిద్దె మిందనుంచి ఒక పిల్లోడు.

"నీ పెండ్లిలో కూడా పట్టుకుంటా, పిలువు!" అనింది ఆమె, కండ్లు జడ మిందనుంచి తీయకుండా.

వీధంతా నవ్వింది. సరోజ పాడతా ఉంటే పక్కనుండే జనం పల్లవి అందుకున్నారు. ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసేవాళ్ళు కొంతమంది వచ్చినారు. జనాన్ని ఆపే తాడు అవతల నిలబడి, "సరోజా! సరోజా!" అని పేరు పెట్టి పిలస్తా చేతులు ఊపినారు. ఆ పిల్ల విన్నది. ఒక్క అడుగు కూడా తప్పలేదు. అత్త తట్టు మాత్రం చూడలేదు, నేర్చుకునింది గదా!

వీధి మలుపు కాడ జడ కొస దాకా అల్లుకొని నిలబడింది. వెనక్కి తిరిగినాం. తాళ్ళన్నీ ఒక్కొక్కటే విడిపోయి, గాలికి విచ్చుకొని మా చేతుల్లోకి వచ్చినాయి. జనం గోల గోల చేసినారు. చెంగయ్య మామ అప్పటికే లేడు. ఉండింటే వీపు తిప్పుకొని, కండ్లు మూసుకొని వినుండేవాడు. ఆ పొద్దు పుల్లలు విరిచినట్లు కొట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.

పొయ్యి

ఆ తర్వాత పిలుపులు వరసగా వచ్చినాయి. చిత్తూరు, పలమనేరు, తడ తట్టు కూడా. సరోజ ఇప్పుడు నా తావున నిలబడి మూడు పల్లెల్లో నేర్పిస్తా ఉండాది. ఆమె కూడా విప్పేదే ముందు నేర్పిస్తాది. మీరు కూడా అంతే చెయ్యండి. మీకు ఎదురుమాట్లాడే మనిషిని వెళ్ళగొట్టొద్దు. దినామూ అరుగు మింద కూర్చొని తిట్టే మనిషి దినామూ చూస్తా ఉండాది అని అర్థం. ఆమె చేతికి గుంజ ఇయ్యండి.

ఇంగొక్కటి చెప్పి ముగిస్తా. తిరపతి నుంచి వచ్చిన కొన్ని దినాలకు వాళ్ళ ఇంటికి పోయినా. కోలలు పెట్టే మూల ఖాళీగా ఉండాది. వంటింట్లో పొయ్యి మండతా ఉండాది.

"సరోజా, కోలలు యాడ?"

సరోజ నవ్వి, పొయ్యి తట్టు చెయ్యి చూపించింది. గంగులమ్మ పొయ్యి ముందర కూర్చొని సంగటి కెలకతా ఉండాది. తల ఎత్తి చూసినా. పొయ్యి పైన అటక మింద, పొగ తగిలే తావున, బృందంలో అందరి కోలలూ కట్ట కట్టి పెట్టి ఉండాయి. కట్టిన తాడు ఆ పసుపు తాడే.

"పచ్చికట్టెలు ఇచ్చినావు మే మునెమ్మా," అనింది గంగులమ్మ, తల తిప్పకుండా. "మొద్దు మాదిరి మోగతా ఉండాయి. ఆ వీధిలో నాకు సిగ్గయిపోయింది. పొగ పట్టనీ. మళ్ళీ ఏటికి చూడు, గంటల మాదిరి మోగకపోతే నన్నడుగు. కూర్చో, సంగటి తినిపో."

తిన్నా. ఊరగాయ బాగుందన్నా. ఆ పొద్దు నిజంగానే బాగుండింది.

ఇంగ లేవండి తల్లీ, పొద్దు పోయింది, ఇంటికాడ మీ కోసం చూస్తా ఉంటారు. మీ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ చల్లారకూడదు, దాని పైన మీ కోలలు వెచ్చగా ఉండాల. మీ అత్తలు నూరేండ్లు అరుగుల మింద కూర్చొని మిమ్మల్ని తిట్టాల, మీకు తప్పు పోయిన పొద్దు వాళ్ళే మిమ్మల్ని బిడ్డా అని పిలవాల. మీ గడప లోపలికి వచ్చినవాళ్ళు కడుపు నిండి పోవాల, మీ బిడ్డల కాళ్ళలో తాళం తప్పకూడదు. మీ ఇల్లు సల్లగుండాల.